మార్టిన్ ఏమిస్ ‘ఇన్‌సైడ్ స్టోరీ’: కొనండి, కాగితం మీదే కొనండి

ఐదు వందల పేజీలు దాటిన లావుపాటి పేపర్‌బ్యాక్. ఆన్‌లైన్‌లో నాకు ఏడు వందల లోపే పడింది. రాసింది బ్రిటిష్ నవలాకారుడు మార్టిన్ ఏమిస్. పేరుకు నవల. కానీ లోపల ఫొటోలున్నాయి, చివర ఇండెక్స్ ఉంది, పేజీల అడుగున ఫుట్‌నోట్లున్నాయి. నవలకు ఇండెక్స్ ఎందుకన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఇందులో మనుషులు చాలామంది నిజం మనుషులు. ఏమిస్ తన పేరుతోనే ఉంటాడు, స్నేహితులు వాళ్ల పేర్లతోనే ఉంటారు. కల్పించిన పాత్రలు వాళ్ల మధ్యలో తిరుగుతుంటాయి. ఏది జరిగింది, ఏది అల్లింది అన్నది ఆయన తేల్చి చెప్పడు. తేలాలని మనసు పీకేవాళ్లకు ఈ పుస్తకం మీద కోపం వస్తుంది. ఆ సంగతి కొనేముందే తెలియడం మంచిది.

మా ఆఫీసులో పేజీలు పెట్టే కుర్రాడు ఇదే పుస్తకాన్ని ఈ-బుక్‌గా కొన్నాడు. అతని ఫోన్ అడిగి తీసుకుని చూశాను. నోటు గుర్తు మీద నొక్కితే ఎక్కడికో పోతుంది, తిరిగి వచ్చేసరికి చదువుతున్న వాక్యం తెగిపోతుంది. ఏమిస్ ఫుట్‌నోట్లలో అదనపు సమాచారం మాత్రమే ఉండదు. పైన చెప్పిన మాటకు కింద ఎదురు చెబుతాడు, పైన దాచిన బాధ కింద బయటపెడతాడు. రెండూ ఒకే చూపులో కనబడాలి. అందుకే కాగితం అంటున్నాను. ఒకటే ఇబ్బంది: ఆ నోట్ల అక్షరం బాగా చిన్నది. కళ్లజోడు ఉన్నవాళ్లు ట్యూబ్‌లైటు కిందే కూర్చోవాలి. బైండింగ్ మాత్రం గట్టిది. రెండుసార్లు తిరగేశాను, బస్సులో మడిచి పట్టుకున్నాను, ఒక్క పేజీ ఊడలేదు.

నేను విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌ని. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండున్నర దాకా మండలాల నుంచి వచ్చిన కాపీ, అంటే రిపోర్టర్లు రాసి పంపిన వార్తలు, దిద్దడం నా ఉద్యోగం. ఏమిస్ తరం బ్రిటిష్ రచయితలను విమర్శకులు చూసే చోటు నుంచి నేను చూడలేను. వాక్యాన్ని పట్టుకుని చూస్తాను. నా దృష్టిలో వాళ్లు వదిలి వెళ్లిన ఆస్తి కూడా అదే. దానికి కారణం చెబుతాను.

ముందు ఆ తరం సంగతి క్లుప్తంగా. 1970లలో లండన్‌లో ‘న్యూ స్టేట్స్‌మన్’ అనే వారపత్రిక చుట్టూ కొందరు కుర్రాళ్లు చేరారు. ఏమిస్ 1977లో దానికి సాహిత్య సంపాదకుడయ్యేనాటికి ఇంకా ముప్పై నిండలేదు. జూలియన్ బార్న్స్ అక్కడే పనిచేశాడు. వ్యాసకర్త క్రిస్టఫర్ హిచెన్స్, కవి జేమ్స్ ఫెంటన్ అక్కడే రాసేవాళ్లు. ఇయన్ మెక్యూవన్ ఈ బృందానికి స్నేహితుడు. 1975లో వచ్చిన అతని మొదటి కథల సంపుటిలోని హింస, లైంగికత చూసి మర్యాదస్తులు బెదిరిపోయారు. 1981లో సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ బుకర్ బహుమతి గెలిచింది. 1983లో ‘గ్రాంటా’ పత్రిక నలభై ఏళ్లలోపు ఇరవై మంది ఉత్తమ నవలాకారుల జాబితా వేసింది. ఏమిస్, బార్న్స్, మెక్యూవన్, రష్దీలతోపాటు కజువో ఇషిగురో, గ్రాహం స్విఫ్ట్, రోజ్ ట్రెమెయిన్, పాట్ బార్కర్, బూచి ఎమెచెటా, మ్యాగీ జీ కూడా ఆ జాబితాలో ఉన్నారు. అసలు ఆ జాబితా పుట్టింది పుస్తకాల అమ్మకాలు పెంచే ప్రచారం కోసం. అలాంటి ప్రచారంలో ఎంపికైన పేర్లు నలభై ఏళ్లు నిలబడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇషిగురోకు అప్పటికి ఒక్క నవలే అచ్చయింది. బార్కర్‌కూ ఒక్కటే.

వీళ్లందరిలో ఎక్కువ గొడవ రేపింది ఏమిసే. తండ్రి కింగ్స్లీ ఏమిస్ పేరున్న నవలాకారుడు. కొడుకు 1984లో రాసిన ‘మనీ’లో మార్టిన్ ఏమిస్ అనే పాత్ర కథలోకి నడిచి రాగానే ఆ తండ్రి పుస్తకాన్ని గదిలోకి విసిరికొట్టాడట. 1995లో ‘ది ఇన్ఫర్మేషన్’ కోసం ఐదు లక్షల పౌండ్ల అడ్వాన్సు అడిగాడని, ఏజెంటును మార్చాడని, పళ్లు బాగుచేయించుకున్నాడని అక్కడి పత్రికలు నెలల తరబడి రాశాయి. వదిలేసిన ఏజెంటు పాట్ కవానా బార్న్స్ భార్య. దాంతో బార్న్స్‌తో ఏళ్ల నాటి స్నేహం చెడింది. ఈ గొడవల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. పళ్ల గురించి అయితే అస్సలు లేదు.

ఇక పుస్తకంలోకి. 2020లో వచ్చింది, ఏమిస్ బతికుండగా అచ్చయిన చివరి నవల. తలుపు తెరిచి పాఠకుణ్ని బ్రూక్లిన్‌లోని తన ఇంట్లోకి రమ్మని పిలవడంతో మొదలవుతుంది. కూర్చోబెడతాడు, తాగడానికి ఏం కావాలో అడుగుతాడు. పాఠకుడు ఇందులో అతిథి. ఏకబిగిన చదవొద్దని, వీలున్నప్పుడల్లా కొంచెం కొంచెం చదవమని, నచ్చనివి దాటేయమని తనే చెబుతాడు. ఆ మాట నేను నమ్మి అలాగే చదివాను. అలా చదివితేనే బావుంది.

కథ ముగ్గురి చావుల చుట్టూ తిరుగుతుంది. తండ్రి స్నేహితుడు, కవి ఫిలిప్ లార్కిన్. గురువులా చూసుకున్న అమెరికన్ నవలాకారుడు సాల్ బెలో. ప్రాణస్నేహితుడు హిచెన్స్. వీటి మధ్య మధ్యలో, ఎదుట కూర్చున్న అతిథికి చెప్పినట్టు, వాక్యం ఎలా రాయాలో చెప్పే అధ్యాయాలు వస్తాయి. నేను డబ్బు పెట్టింది వాటికే. ఒక వాక్యంలో ఒకే ఉపసర్గ, ఒకే ప్రత్యయం రెండుసార్లు తగలకుండా చూసుకోమంటాడు. కలలు, శృంగారం, మతం నవలలో దాదాపు ఎవరికీ పండవంటాడు. పర్యాయపద నిఘంటువు ముందేసుకునేది గొప్ప మాట కోసం కాదట, లయ కుదిరే మాట కోసమట. వాక్యాన్ని లోలోపల పలుకుతూ, ఎక్కడా తగలకుండా సాగేదాకా మార్చుతూ పోవాలన్నది ఇంటర్వ్యూల్లో కూడా ఆయన చెప్పిన పద్ధతే. వ్యాసాల సంపుటికి ‘ది వార్ అగైన్‌స్ట్ క్లిషే’, అంటే అరిగిపోయిన మాటల మీద యుద్ధం, అని పేరు పెట్టుకున్న మనిషి. ఎంగిలి మాట అంటే ఎంగిలి ఆలోచన, ఎంగిలి అనుభూతి అన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న సిద్ధాంతం.

ఇది చదివిన రాత్రి నా ముందుకు వచ్చిన కాపీ ఒకటి ఇక్కడ పెడతాను. రోడ్డు ప్రమాదం. ఇద్దరు వ్యవసాయ కూలీలు చనిపోయారు. ‘రక్తమోడిన రహదారి’ అని హెడ్డింగ్. లోపల ‘హుటాహుటిన ఆసుపత్రికి తరలించారు’, ‘గ్రామంలో విషాదఛాయలు అలముకున్నాయి’, ‘కుటుంబసభ్యుల రోదనలు మిన్నంటాయి’. రోజూ వచ్చే మాటలే, రోజూ పంపించేస్తాం. ఆ రోజు రిపోర్టర్‌కి ఫోన్ చేసి అడిగాను, ఊళ్లో ఏం చూశావయ్యా అని. కాసేపు ఆలోచించి చెప్పాడు: ‘మిరపకాయల కోతకి ఇద్దరూ ఒకే క్యారేజీలో అన్నం కట్టుకుని వెళ్లారు మేడమ్. క్యారేజీ మూత కూడా ఊడలేదు.’ ఆ రెండు వాక్యాలే ఇంట్రోగా, అంటే వార్త మొదట్లో, పెట్టి, ఛాయలూ మిన్నంటడాలూ అన్నీ కొట్టేశాను. వార్త నాలుగు లైన్లు తగ్గింది. విషాదఛాయలు అని రాసినప్పుడు ఆ ఊళ్లో ఏ ఇంట్లో ఎవరు పోయారో మనకు పట్టలేదని అర్థం. ఏమిస్ చెప్పింది అదే. గుంటూరు జిల్లా రోడ్డు మీద కూడా అది నిజమే.

పుస్తకంలో ఆయన ఈ నియమాన్ని నిలబెట్టుకున్న చోట్లు గొప్పగా ఉన్నాయి. బెలోకు అల్జీమర్స్. నోబెల్ అందుకున్న ఆ మెదడు ఒక్కొక్క గదిలో దీపం ఆర్పుకుంటూ పోవడాన్ని ఏమిస్ పక్కన కూర్చుని చూస్తాడు. టీవీలో సముద్రపు దొంగల సినిమా చూసిందే చూస్తూ ఉండే పెద్దాయన మీద ఎక్కడా జాలి మాటలు పోయలేదు. ఏం జరుగుతోందో రాశాడు, ఎవరు ఏమన్నారో రాశాడు, ఊరుకున్నాడు.

హిచెన్స్ అధ్యాయాలు ఇంకా పైమెట్టు. 2010లో అతనికి అన్నవాహిక క్యాన్సర్ అని తేలింది. 2011 డిసెంబర్ 15న హ్యూస్టన్‌లో, 62 ఏళ్లకు పోయాడు. ఆసుపత్రి మంచం దగ్గర వాళ్లు మాట్లాడుకునేది రాజకీయం, కవిత్వం, పాత లండన్ రోజుల అల్లరి. ఏమిస్‌ను అతను ‘లిటిల్ కీత్’ అని పిలుస్తాడు. చనిపోతున్నవాడు ఎలా ఉన్నాడన్న దానికంటే, పక్కనున్న స్నేహితుడు ఏం చేయాలో తెలియక ఏం చేశాడన్నది ఎక్కువ కనబడుతుంది. ఇంట్లో ఎవరినైనా క్యాన్సర్ వార్డులో కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ఆ పేజీలు తెలిసినవే అనిపిస్తాయి. తర్వాత పదకొండేళ్లు దాటాక, 2023 మే 19న, ఏమిస్ కూడా అదే జబ్బుతో ఫ్లోరిడాలో పోయాడు. ఆయన 2014 నవల ‘ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’ ఆధారంగా తీసిన సినిమా కాన్ చలనచిత్రోత్సవంలో మొదటిసారి వేసింది ఆ రోజే. ఈ సంగతి తెలిసి హ్యూస్టన్ అధ్యాయాలు మళ్లీ చదివాను. స్నేహితుడి జబ్బు గురించి అంత నిదానంగా రాసిన చేయికి తన సంగతి అప్పటికి తెలియదు. అక్కడ పుస్తకం పక్కన పెట్టి లేచి కాసేపు వసారాలో తిరిగాను.

నిలబెట్టుకోని చోట్లూ ఉన్నాయి. ఫీబీ ఫెల్ప్స్ అనే కల్పిత ప్రేయసి ఈ పుస్తకంలో బలహీనమైన భాగం. 2001 సెప్టెంబర్ 11 దాడుల మర్నాడు ఆమె ఒక బాంబు పేలుస్తుంది, నీ కన్నతండ్రి లార్కిన్ కావచ్చని. కథ నడవడానికి అది అవసరమే. కానీ ఆమె ఎప్పుడూ ఎదుటివాడిని కలవరపెట్టడానికే వస్తుంది. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె ఏం ఆలోచిస్తుందో నాకు తెలియదు, రచయితకు కూడా తెలియదనిపించింది. ఇది ఆయన మీద పాత ఫిర్యాదే. 1989లో ‘లండన్ ఫీల్డ్స్’ను బుకర్ తుది జాబితాలోకి రానివ్వకుండా అడ్డుపడింది ఇద్దరు మహిళా న్యాయనిర్ణేతలు, మ్యాగీ జీ, హెలెన్ మెక్‌నీల్. మ్యాగీ జీ అంటే పైన చెప్పిన గ్రాంటా జాబితాలో ఏమిస్‌తోపాటు ఉన్నావిడే. తన హత్యను తానే ఏర్పాటు చేసుకునే స్త్రీ ఆ నవలలో నాయిక. అంత మంచి వాక్యాలున్న పుస్తకాన్ని పక్కన పెట్టారని చాలామంది బాధపడ్డారు. నేను మ్యాగీ జీ పక్షం. వాక్యం తళతళలాడుతూ ఉండి మనిషి మాత్రం మూసలోంచి వచ్చిందైతే, ఎంగిలి మాట మీద చేసిన యుద్ధం సగమే గెలిచినట్టు. ఆ ఏడాది బుకర్ ఇషిగురో ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’కు వచ్చింది. ఆ నవలలో నోరు విప్పని బట్లర్ బాధ మనకు అణువణువునా తెలుస్తుంది. ఏమిస్‌కు బుకర్ ఎప్పుడూ రాలేదు.

దీనికంటే పెద్ద దెబ్బ 2006లో. ముస్లిం సమాజం తన ఇల్లు తాను చక్కబెట్టుకునేదాకా బాధ పడాల్సిందే అనాలన్న కోరిక కలుగుతోందని ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. ప్రయాణాలు ఆపించడం, దేశం నుంచి పంపించేయడం, పాకిస్తాన్ వాళ్లలా కనబడేవాళ్లను బట్టలు విప్పించి సోదా చేయడం దాకా పోయాడు. సిఫారసు చేయలేదు, మనసులో మెదిలింది చెప్పానని తర్వాత సర్దుకున్నాడు. విమర్శకుడు టెర్రీ ఈగల్టన్ తీవ్రంగా తప్పుపట్టాడు, నెలల పాటు వాదం నడిచింది. నాకు వాదమంతా అక్కర్లేదు. ఆ వాక్యాన్ని ఆయన కొలబద్దతోనే కొలిస్తే చాలు. కోట్లమందిని ఒక్క మనిషిని చేసి, అతనికో ఇల్లు కట్టి, అది చక్కబెట్టుకోమనడం కంటే అరిగిపోయిన మాట ఏముంటుంది? వీధి అరుగుల మీద, వాట్సాప్ గుంపుల్లో రోజూ వినేదే. నా డెస్కులో ఆ వాక్యం వస్తే కొట్టేస్తాను. పత్రిక నడిమి పేజీలు చూసే మా సహోద్యోగి కరీముల్లా గారు నా పక్క కుర్చీలోనే కూర్చుంటారు. ఆయన వినాల్సిన మాట కాదది. పదాల విషయంలో ఇంత జాగ్రత్త ఉన్న మనిషి, ఆ జాగ్రత్త వదిలేసిన ఒక్క పూటలో నలుగురితో నారాయణ అనేశాడు. ఆయన పెట్టిన నియమం సరైనదని నాకు ఇంకా గట్టిగా నమ్మకం కుదిరింది ఇక్కడే. అది తప్పితే ఎంతటివాడైనా జారతాడు.

రష్దీ విషయంలో ఈ తరం ప్రవర్తన నాకు గౌరవం కలిగిస్తుంది. అతని నవల ‘ది సటానిక్ వర్సెస్’ 1988 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో వచ్చింది. అక్టోబర్ మొదటి వారానికే మన కేంద్ర ప్రభుత్వం దిగుమతి ఆపేసింది. 1989 ఫిబ్రవరి 14న ఇరాన్ నుంచి చంపమని ఫత్వా. అంతదాకా విందుల్లో, సమీక్షల్లో చమత్కారాలతో గడిపిన స్నేహితులు ఏళ్ల తరబడి అతని వెంట నిలిచారు. మెక్యూవన్ తన ఊరి ఇంట్లో అతనికి చోటిచ్చాడు. హిచెన్స్ నోరు మూయలేదు. రష్దీ మొదటి పేజీలోకి మాయమైపోయాడని ఏమిస్ 1990లో రాశాడు. పత్రికలో పనిచేసేవాళ్లకు ఆ మాట లోతు తెలుస్తుంది. మొదటి పేజీకి ఎక్కిన మనిషి ఇంటి పేరు, వయసు, ఫొటో మిగులుతాయి, మనిషి మిగలడు. మన దేశంలో ఆ దిగుమతి నిషేధం 2024 నవంబర్ దాకా నడిచింది. అసలు ఉత్తర్వు కాగితమే దొరకడం లేదని ఢిల్లీ హైకోర్టు ముందు తేలాక, అలాంటి ఉత్తర్వు లేదనే అనుకోవాలని కోర్టు అంది. ముప్పై ఆరేళ్లు పాఠకులకు అందని పుస్తకానికి కాగితమే లేదు. 2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలో వేదిక మీద కత్తిపోట్లకు రష్దీ కుడికన్ను పోయింది. రెండేళ్లలో దాని మీద ‘నైఫ్’ రాశాడు.

ఇక మిగిలిన వాళ్లలో నెమ్మదిగా ఉన్నవాళ్ల పుస్తకాలే నాకు ఎక్కువ దగ్గరయ్యాయని చెప్పాలి. ఇషిగురోకు 2017లో నోబెల్ వచ్చింది. పాట్ బార్కర్ మొదటి నవల ‘యూనియన్ స్ట్రీట్’ ఇంగ్లండ్ ఉత్తరాది కార్మికవాడ స్త్రీల బతుకు. లండన్ భోజనాల బల్లల దగ్గర పుట్టిన ఏ పుస్తకానికీ అది తీసిపోదు. ఎమెచెటా నైజీరియా నుంచి వచ్చి, ఐదుగురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతూ రాసింది. ఏమిస్, హిచెన్స్ పేర్ల హోరులో వీళ్లు సరిగ్గా వినబడలేదు. ‘ఇన్‌సైడ్ స్టోరీ’లో కూడా వినబడరు. ఈ తరం మొత్తం ఇందులో దొరుకుతుందనుకుని కొంటే నిరాశ తప్పదు. ఇది ఒక బల్ల చుట్టూ కూర్చున్న మగవాళ్ల కథ.

ఏ వరుసలో చదవాలి అన్నవాళ్లకు: ఏమిస్‌ను ఇంతకుముందు చదవకపోతే ఇది మొదటి పుస్తకంగా వద్దు. 2000లో వచ్చిన ఆత్మకథ ‘ఎక్స్‌పీరియన్స్’ ముందు తీసుకోండి. తండ్రి గురించి, 1973లో మాయమై ఇరవై ఏళ్ల తర్వాత ఒక హంతకుడి ఇంట్లో అవశేషాలుగా దొరికిన తల్లి తోడబుట్టినావిడ కూతురు లూసీ గురించి రాసిన పేజీలు ఆయన మొత్తం రచనలో నాకు అన్నిటికంటే ఇష్టం. నవల కావాలంటే ‘టైమ్స్ యారో’. చిన్నది, ఒక నాజీ డాక్టర్ జీవితం వెనక్కి నడుస్తుంది, బుకర్ తుది జాబితాకు వెళ్లిన ఒకే ఒక్క ఏమిస్ నవల అదే. ‘మనీ’ ఆ తర్వాత. ఇంగ్లీషు యాస, బూతు కలిసిన ఆ గొంతుకు చెవి అలవాటు పడటానికి యాభై పేజీలు పడుతుంది, ఓపిక పట్టండి. ఇవి చదివాకే ‘ఇన్‌సైడ్ స్టోరీ’.

డెస్కుల్లో పనిచేసేవాళ్లు, అనువాదాలు చేసేవాళ్లు, కథలు రాసేవాళ్లు మాత్రం వరుస చూడక్కర్లేదు, నేరుగా ఇదే కొనొచ్చు. మా దగ్గర కొత్తగా చేరే ట్రైనీలకు రచన గురించిన అధ్యాయాల దగ్గర చీటీలు పెట్టి నా కాపీ ఇస్తున్నాను. ఫీబీ పేజీలు వదిలేసినా నష్టం లేదని చెబుతున్నాను. హ్యూస్టన్ అధ్యాయాలు సెలవు రోజుకు ఉంచుకోండి. నైట్ డ్యూటీకి ముందు చదివితే కాపీ మీద కన్ను నిలవదు.